నీళ్ల వణుకు, మాత్ర వణుకు

గోరంట్లలో పంక్చరు షాపు ముందు నిలబడి ఉన్నప్పుడు ఆయన పోయిన సంగతి తెలిసింది. ఆయన బావమరిది ఫోన్ చేశాడు. "అన్నా, మా బావ పొద్దన్నే పోయినాడు. గుండె అంట. అక్క నీకు చెప్పమనింది." అంతే చెప్పి పెట్టేశాడు. పంక్చరు అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తున్నాడు. "ఇది పనికిరాదప్పా, కొత్తది ఏస్తామా?" అన్నాడు. వెయ్యమన్నాను. పాత ట్యూబు తీసుకుపోతావా, పారెయ్యమంటావా అని అడిగాడు. దానికీ ఏదో చెప్పాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. పక్కన టీ తాగాను. చక్కెర ఎక్కువైందని కూడా అనుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. భార్య బతికే ఉంది, కూతురు చిలమత్తూరు దగ్గర కాపురం చేసుకుంటోంది. మా వైపు ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువ. పాయింటాయప్ప అనేవాళ్లు. బోరు వేయించే ముందు చేన్లో నీళ్లు ఎక్కడున్నాయో చూసి గుర్తు పెట్టడాన్ని మా దగ్గర పాయింటు పెట్టడం అంటారు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తారు. కింద నీళ్లుంటే ఆ కాయ దానంతటదే నిలువుగా లేస్తుందని నమ్మకం. నేను బోరు బండి తిప్పేవాణ్ణి. అంటే డ్రైవరును కాదు, బండిలో నాకో వాటా ఉండేది. రైతులతో మాట్లాడి బండిని చేన్లోకి తీసుకుపోవడం నా పని. ఆయన పాయింటు పెట్టిన చోటికి నా బండి పోయేది. అట్లా చాలా ఏళ్లు ఇద్దరం కలిసి తిరిగాం.

చేను గట్టు దగ్గర చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. గట్టు మీదే విడిచిపెట్టొచ్చు కదా అంటే, "ఈడ ఇడిస్తే మల్లా ఈడికే రావాల గదప్పా. నీళ్లు యాడికి పిలుస్తాయో ఎవరికి తెల్సు" అనేవాడు. రైతు అన్నం తిని రాకపోతే చేన్లో అడుగు పెట్టేవాడు కాదు. "ముందు ఇంటికి పోయి సంగటి తినిరా పో. ఆకలిగొన్నోని చేన్లో టెంకాయ కూడా అబద్ధం చెప్తాది." ఎంత పెద్ద రెడ్డి అయినా సరే, ఆ మాట విని నవ్వుకుంటూ వెనక్కి పోవలసిందే. ఒకాయన కారులోనే కూర్చుని బిస్కెట్లు తిని వచ్చి, తిన్నానన్నాడు. "బిస్కెట్టు తింటే చాయ్ నీళ్లు పడతాయి, సంగటి తింటే చేనికి నీళ్లు పడతాయి" అన్నాడు ఈయన. ఆయన ఇంటికి పోయి రాక తప్పలేదు.

బండి చేన్లోకి వచ్చి రాడ్డు భూమిలోకి దిగడం మొదలయ్యాక ఆయన అటు చూసేవాడు కాదు. కొంచెం దూరంగా పోయి, బండికి వీపు పెట్టి, తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు. గంటలైనా సరే. "నీళ్లకు సిగ్గుంటాది. చూస్తాంటే రావు" అనేవాడు. చిలమత్తూరు దాటినాక ఒక గుట్ట కింది చేన్లో మొదటిసారి ఆయన పాయింటుకు నా బండి వేశాను. నీళ్లు పడి, తెల్లటి బురద మనిషెత్తు లేచి అందరి మీదా పడింది. అందరూ పరుగెత్తారు, తడిశారు, ఒకర్నొకరు తోసుకున్నారు. ఆయన తిరగలేదు. ఆ ఇంటి కోడలు చెంబుతో ఆ నీళ్లే పట్టి తీసుకుపోయి ముందు పెట్టింది. బురద తేరుకోకుండానే ఒక గుక్క నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుని, "ఉప్పు లేదు తల్లీ" అని అప్పుడు లేచి తిరిగాడు. అదొక్కటీ చూసి ఆ రోజు నేను ఆయన మనిషినైపోయాను.

నిజం చెప్పాలంటే ఆయన పెట్టిన పాయింట్లలో సగానికి సగం దుమ్మే లేచింది. మిగతా పాయింటోళ్ల లెక్కా అంతే. కానీ పడినవే అందరూ చెప్పుకుంటారు. పడనివాళ్లు ఇంట్లో కూర్చుంటారు.

ఆయనకు జబ్బు ఉన్న సంగతి నాకు తెలిసేటప్పటికే ఊరంతటికీ తెలుసు. జబ్బు అని ఎవరూ అనేవాళ్లు కాదు. ఎక్కింది అనేవాళ్లు. ఎక్కినప్పుడు ఆయన నిద్రపోయేవాడు కాదు. ఊరి నుంచి ఊరికి నడిచేవాడు. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. చేతికున్న వాచీ విప్పి బస్సులో పక్కన కూర్చున్నవాడికి పెట్టేవాడు. ఒకసారి ఒంటి మీది చొక్కా ఇచ్చేసి బనీనుతో ఇంటికి వచ్చాడు. అడక్కపోయినా చేన్లలో దూరి పాయింట్లు పెట్టేవాడు. బస్టాండులో, బడి ముందర, చౌడమ్మ గుడి గడప దగ్గర సున్నంతో గుండ్రాలు గీసేవాడు. అట్లాంటప్పుడు ఆయన చేతిలో టెంకాయ పడుకునేది కాదు. నిలబడే ఉండేది. ఆయన గొంతులో అనుమానం అనేది ఉండేది కాదు. "ఈడ ఉండాది. మీ తాత చచ్చినప్పట్నుంచీ ఉండాది. తియ్యి బండి" అనేవాడు.

బోరు వేయించాలనుకునే రైతుకు నీళ్ల కంటే ముందు కావలసింది అది. భయం లేకుండా ఉండాది అని చెప్పే మనిషి. అందుకే మా వైపు రైతులకు ఒక లెక్క పడిపోయింది. ఆయప్పతో పాయింటు పెట్టించుకుంటే ఎక్కినప్పుడే పెట్టించుకోవాల. మబ్బు పట్టిందా అని అడిగినట్టు నాకు ఫోన్ చేసి అడిగేవాళ్లు. "అన్నా, ఆయప్పకు ఎక్కిందా?" "ఇంగా ల్యా." "ఎక్కుతానే నాకు చెప్పన్నా. వేరే వాళ్లకు చెప్పొద్దు." నేను సరే అనేవాణ్ణి. వరసలో పేర్లు పెట్టుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది. అప్పుడు అనిపించలేదు.

దిగినప్పుడు ఆయన్ని ఎవరూ చూడ్డానికి పోయేవాళ్లు కాదు. నేను పోయాను, పని కోసం. ఆయన మంచం మీద లేడు, మంచం కింద ఉన్నాడు. నడి వేసవిలో దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన, అంటే ఆయన భార్య, పొయ్యి దగ్గర నుంచే చెప్పింది. "మంచం మీద పండుకోమంటే, అంతెత్తు నాకొద్దు అంటాడప్పా. నాలుగు దినాలాయ నీళ్లు పోసుకోక. నువ్వన్నా పిలువు." నేను వంగి పిలిచాను. చాలాసేపటికి, "పోప్పా. నా చెయ్యి చచ్చిపోయింది" అన్నాడు. ఎప్పుడు బాగవుతుందో అని నేను అడగలేదు. ఎప్పుడు ఎక్కుతుందో అని మనసులో అనుకున్నాను.

గంజాయి ఆయనకు నేను నేర్పలేదు. పడుచుతనంలో ఎవరో బైరాగి వెంట నాలుగు నెలలు తిరిగి నేర్చుకున్నానని చెప్పేవాడు. నా దగ్గరికి వచ్చేటప్పటికి అది ఎప్పుడో ఒకసారి మాత్రమే. నిద్ర రానప్పుడు బీడీలో పొగాకు కొంచెం రాల్చి, ఇది కూరి కాల్చేవాడు. ఎందుకన్నా అది అంటే, "ఎక్కినప్పుడు నా తల్లో పది మంది మాట్లాడతాంటారప్పా. ఒక దమ్ము కొడితే ఇద్దరే ఉంటారు" అన్నాడు.

"ఆ ఇద్దరూ మంచోళ్లేనా?" అన్నాను.

"ఒకడు మంచోడు."

ఇద్దరం నవ్వుకున్నాం. దిగినప్పుడు కూడా అది ఆయన్ని మంచం కింద నుంచి బయటికి తెస్తుందని నేనే కనిపెట్టాను. బండి మీద పనిచేసే కూలీల దగ్గర అది ఎప్పుడూ ఉండేది. ఒక పొట్లం తీసుకుపోయాను. ఆయన ఇంటి వెనక గడ్డివామి పక్కన కూర్చుని కాల్చాడు. ఆ పూట అన్నం తిన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. వారం తిరిగేసరికి చెప్పులు చంకలో పెట్టుకుని నాతో పాటు ఒక చేన్లో నడుస్తున్నాడు. నాకు మంచి చేసిన మనిషిలా అనిపించింది. అప్పటి నుంచి నా జీపు సీటు కింద ఒక పొట్లం ఉండేది.

ఆ యేడు ఆయనకు ఎక్కినది మామూలుగా దిగలేదు. ఇంట్లో పాలిచ్చే ఆవును దారిన పోయే ఒకాయనకు పలుపుతో సహా ఇచ్చేశాడు. వదిన వెనకాల పరుగెత్తినా ఆవు దొరకలేదు. మరుసటి రోజు ఆమె మా ఇంటికి నడిచి వచ్చి, "అనంతపురంలో తల డాక్టరు ఉండాడంట. జీపులో తీసకపో" అంది. తీసుకుపోయాను. నెత్తురు పరీక్ష చీటీ తీసుకుని ఆమె వరసలో నిలబడిన సమయంలో డాక్టరు మా ఇద్దరితో మాట్లాడాడు. నెమ్మదిగా, అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఇది బైపోలార్ అనే జబ్బు, పిచ్చి కాదు, పోయేది కూడా కాదు, మాత్రలతో అదుపులో ఉంటుంది. మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు. నెత్తురు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఎండల్లో నీళ్లు బాగా తాగాలి. తర్వాత ఆయన వేళ్ల కొసలు చూసి అడిగాడు. "గంజాయి అలవాటు ఉందా?" ఈయన తల ఊపాడు. "మీలాంటి జబ్బు ఉన్నవాళ్లు చాలామంది వాడతారు. తాగినప్పుడు హాయిగా ఉంటుంది, అబద్ధం కాదు. కానీ అది మిమ్మల్ని ఇంకా పైకి తోస్తుంది, మాత్రను పని చెయ్యనివ్వదు. ఇది గనక ఆపకపోతే నేను ఇచ్చే మందు దండగ." నా వైపు తిరిగి, "మీరు వాళ్లావిడకు ఈ మాట స్పష్టంగా చెప్పండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో వదిన ముందు సీట్లో కూర్చుంది. ఆయన వెనక కిటికీలోంచి చూస్తున్నాడు.

"సారు ఏమన్యాడప్పా?"

"మాత్రలు ఆపకూడదంట వదినా. నెత్తురు పరీక్ష చేయిస్తాండాలంట. నీళ్లు బాగా తాగాలంట."

"అంతేనా?"

"అంతే."

నేను ఎందుకు చెప్పలేదంటే, చెబితే యాడ్నించి వస్తాంది అది అని ఆమె అడుగుతుంది. పొట్లం ఆమె కూర్చున్న సీటు కిందే ఉంది.

మాత్రలు పని చేశాయి. ఆ మాట మొదట చెప్పాలి. నెల, రెండు నెలలు గడిచేసరికి ఆయన పొద్దున్నే లేచి మొహం కడుక్కునే మనిషి అయ్యాడు. అంట్లు తోమే బండ పక్కన బీరపాదు పెట్టాడు. ఇంకో ఆవును కొన్నారు, పాలు ఆయనే పిండేవాడు. అంగడి అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ల బాటిలు, ఎంత తాగినా ఆయనకు దప్పి తీరేది కాదు. "లోకానికి నీళ్లు చూపించేటోడు బాటిలు మోస్తాండాడే" అని అంగడి దగ్గర ఎగతాళి చేసేవాళ్లు. "యాం జేస్తామప్పా, మీ బోర్లు ఎండిపాయె. నాలోపల మోటరు పెట్టించుకున్యా" అనేవాడు. వదిన నవ్వడం నేను ఆ రోజుల్లోనే చూశాను. పైపళ్లు రెండూ కొంచెం ఎత్తుగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

కానీ రెండు సంగతులు జరిగాయి. ఒకటి, ఆయన నోట 'ఉండొచ్చు' అనే మాట వచ్చింది. చేనంతా తిరిగి, నిలబడి, ఆలోచించి, "ఈడ ఉండొచ్చు. లేకపోనూవచ్చు. నాలుగు దుడ్లు చేతిలో పెట్టుకో, తొందరపడొద్దు" అనేవాడు. రైతుకు ఆయన చెప్పిన వాటిలో అదే అన్నింటికన్నా నిజమైన మాట. ఆ మాట విని బండి పిలిచిన రైతు ఒక్కడూ లేడు. రెండోది, ఆయన చెయ్యి వణకడం మొదలైంది.

అది మాత్ర వల్ల వచ్చే వణుకు. కొందరికి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. కాఫీ గ్లాసు పట్టుకుంటే తెలిసేది. ఒకరోజు పనిలేక ఆగి ఉన్న నా బండి నీడలో ఇద్దరం కూర్చుని ఉన్నాం. ఆయన టెంకాయను అరచేతిలో పెట్టుకున్నాడు. అది అటూ ఇటూ చిన్నగా కదులుతోంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"చూడప్పా. ఇప్పుడు నేను కూచోనుండా. కింద నీళ్లు ఉండాయో లేదో నేను చూడల్యా. అయినా ఇది కదులుతాంది."

"మాత్రదన్నా అది. సారు చెప్పినాడు గదా."

"అదే నేను అడిగేది. చేన్లో నడిచేటప్పుడు ఇది కదిలితే, అది నీళ్లదా, మాత్రదా? నాకు తెలీడంల్యా. ముప్పై ఏండ్లు ఈ చెయ్యి చెప్పిందే విన్యా. ఇప్పుడు ఈ చేతిలో ఇంకొకడు కూచోనుండాడు." నా మొహంలోకి చూశాడు. "నువ్వు పక్కనే ఉంటావు గదా. నువ్వు చెప్పు. ఏది దేనిదో నీకేమన్నా తెలుస్తాందా?"

ఆ ప్రశ్న ఆయన నన్ను నమ్మి అడిగాడు. ఆయన నిజంగా దానికి సమాధానం కోసం వెతుకుతున్నాడు. బహుశా ఇన్నేళ్లూ కదిలింది కూడా నీళ్లది కాదేమోనన్న దగ్గరకు వచ్చి ఉన్నాడు. ఇంకో నెల ఓపిక పట్టి ఉంటే ఆ పని మానేసి ఆవును, బీరపాదును చూసుకుంటూ ఉండిపోయేవాడేమో. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది.

"రెండు దినాలు మాత్ర ఆపి చూడన్నా. వణుకు పోతే మాత్రది. ఉంటే నీళ్లది."

ఆయనకు అది న్యాయంగా తోచింది. "అవును గదా" అన్నాడు. రెండు రోజులు కాస్తా వారమైంది. మాత్ర మానేస్తే నిద్ర తప్పింది. నిద్ర తప్పితే నా సీటు కింద పొట్లం ఉంది. వణుకు పోయింది. టెంకాయ నిలబడింది. రైతులు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. "ఆయప్పకు ఎక్కిందంట గదా" అని వాళ్లే నాకు చెప్పారు, పండగ వచ్చిందని చెప్పినట్టు.

వదిన ఒకరోజు మధ్యాహ్నం బండి పని చేస్తున్న చేన్లోకే వచ్చింది. దుమ్ములో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన దూరంగా వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా. నా మొగుడు నీ బండికి స్పేరు పార్టా?"

డ్రిల్లరు నవ్వబోయి ఆపుకున్నాడు. "అదేం మాట వదినా" అన్నాను.

"ఆయనకు ఎక్కితే మీ చేన్లల్లో నీళ్లు. దిగితే నా ఇంట్లో శవం. మాత్రలు పెట్టెలో అట్లనే ఉండాయి. నేను పెడితే ఉమ్మేస్తాడు. నువ్వు చెప్తే వింటాడు." కొంచెం దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "ఆ పొద్దు అనంతపురంలో సారు ఏమేం చెప్పినాడో నాకు మల్లా చెప్పు."

"చెప్పినా గదా వదినా. మాత్రలు. నెత్తురు పరీక్ష. నీళ్లు."

"అంతేనా?"

"అంతే."

ఆమె నన్ను చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు సర్దుకుని వచ్చిన దారినే పోయింది. ఆ సాయంత్రం మాత్ర వేసుకోమని ఆయనకు ఒక మాట చెప్పాను. చెప్పాననిపించుకోవడానికి చెప్పాను. ఆయన నవ్వి బీడీ ముట్టించాడు. అగ్గిపెట్టె నాదే.

పాయింటు పెట్టేవాడు సొంత చేన్లో పెట్టుకోకూడదని మా వైపు ఒక కట్టుబాటు. "మంగలి తన తల తాను గొరుక్కుంటాడా" అని ఆయనే అనేవాడు. ఆ వేసవిలో ఆయన ఆ కట్టుబాటు దాటాడు. వాళ్ల నాలుగెకరాల చేన్లో ఏరు పోతోందని, దాని చప్పుడు తనకు వినిపిస్తోందని అందరికీ చెప్పుకొచ్చాడు. "నేను అందరికీ ఇచ్చినా. నా పెండ్లానికి ఇయ్యలేదు" అన్నాడు. చుట్టుపక్కల రైతులు చూడ్డానికి వచ్చారు. నేను బండి తోలించుకుని వచ్చాను. గట్టు దగ్గర వదిన బండికి అడ్డం నిలబడింది.

"తిప్పుకొని పో."

"ఆయన అడుగుతాండాడు వదినా. నేనెట్ల కాదంటా?"

"అడిగేది ఆయన కాదు. నీకు తెల్దా?"

నాకు తెలుసు. కానీ అంతమంది ముందు ఆయన సొంత చేన్లో గనక నీళ్లు పడితే, నా బండి నాలుగు మండలాలు ఖాళీ లేకుండా తిరుగుతుందని కూడా తెలుసు. డ్రైవరుకు సైగ చేశాను. ఆమె పక్కకు తప్పుకుంది.

ఆయన ఎప్పటిలాగే చెప్పులు చంకలో పెట్టుకుని, తువ్వాలు కప్పుకుని, బండికి వీపు పెట్టి కూర్చున్నాడు. కూర్చున్న చోటే ఊగుతూ ఉన్నాడు. దుమ్ము లేచింది. ఎర్రదుమ్ము, తర్వాత బూడిద రంగు దుమ్ము. "వచ్చిందా?" అని అరిచి అడిగాడు. "వస్తాది" అన్నాను. రాడ్లు అయిపోయాయి. ఆయన అక్కడి నుంచే చెయ్యి చాపి ఇంకో చోటు చూపించాడు. అక్కడా వేశాం. "వచ్చిందా?" "వస్తాంది." రెండోసారి అన్నప్పుడు నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే బండ్లు స్టార్టు చేసుకుని పోయారు. పోతూ ఎవరో, "ఎక్కింది ఎక్కువైనట్టుండాది" అన్నారు.

బండి ఆపాక చేనంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయింది. అయినా ఆయన తిరగలేదు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెడితేనే ఆయన తిరుగుతాడు. ఎవరం కదల్లేదు. చివరికి వదిన మా కూలీలు తెచ్చుకున్న క్యానులోంచి చెంబు నిండా పట్టి తీసుకుపోయి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని ఉంచుకున్నాడు.

"ఇవి ఫిల్టరు నీళ్లు మే" అన్నాడు.

"నీళ్లు నీళ్లే. తాగు" అంది ఆమె.

ఆయన చెంబు కింద పెట్టి లేచి నడిచి పోయాడు. మరుసటి రోజు బెంగళూరు రోడ్డు మధ్య డివైడరు మీద, రెండు పక్కలా లారీలు పోతుంటే, చెయ్యి చాపుకుని నడుస్తూ పోలీసులకు దొరికాడు.

చాలా నెలలు ఆసుపత్రిలో ఉంచారు. నేను ఒక్కసారి పోయాను. ఇంటికి వచ్చిన మనిషి వేరే మనిషి. మెల్లగా నడిచేవాడు, అడిగిన దానికి అడిగినంతే చెప్పేవాడు. టెంకాయ ముట్టుకోలేదు. నేను బండిలో వాటా అమ్మేసుకున్నాను. వాళ్ల ఊరి మీదుగా పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఒకసారి సంతలో ఎదురయ్యాడు. వదిన ఉల్లిగడ్డలు ఏరుతుంటే పక్కన సంచి పట్టుకుని ఉన్నాడు. "ఏమప్పా, బండి బాగుండాదా?" అన్నాడు. "బాగుండాదన్నా" అన్నాను. అప్పటికి నా వాటా అమ్మి చాలా రోజులైంది.

ఆయన పోయిన రోజు నేను పోలేదు. టైరు పని అయ్యాక ఇంటికే వచ్చేశాను. మరుసటి రోజు పోయాను. వాళ్ల చేన్లోనే ఒక మూల పూడ్చిపెట్టారు. వదిన వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు నాకు నీళ్లిచ్చి లోపలికి పోయింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక సూటిగానే చెప్పాను.

"వదినా, ఆ పొద్దు సారు ఇంకో మాట కూడా చెప్పినాడు. నేను నీకు చెప్పలేదు."

"గంజాయి మాట గదా."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఆ పొద్దు ఇంటికి రాంగానే ఆయనే చెప్పినాడు. 'వాడే తెస్తాండాడు, వాన్ని ఇంట్లోకి రానీవద్దు' అన్యాడు. వారం తిరక్కుండా నువ్వొచ్చినావు. కూచోమని నీకు కాఫీ ఇచ్చినా."

"మరి ఎందుకు రానిచ్చినావు వదినా?"

"మంచం కింద ఉన్నోడు నువ్వొస్తే బయటికొచ్చేటోడు. నేను పిలిస్తే రాడు. నువ్వొచ్చిన పూట రెండు ముద్దలు తినేటోడు. నువ్వే చెప్తావని చూసినా. నీ నోటితో చెప్తే ఇద్దరం కలిసి ఆపుదామనుకున్యా. జీపులో తెలీక అడిగినా. తెలిసినాక చేన్లోకొచ్చి అడిగినా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"అదంతా ఇడిసిపెట్టు. నువ్వు ఏసిన బోర్లు రెండూ నోళ్లు తెరుచుకొని అట్లనే ఉండాయి. నిన్న ఆయన్ని మోసుకొచ్చినోళ్లల్లో ఒకని కాలు దాంట్లోకి పోబోయింది. దినాలకు నా మనవడు ఆడికొస్తాడు. మూసిపో."

"రేపు మనుషుల్ని తీసుకొస్తా వదినా."

"మనుషులెందుకు. నువ్వొచ్చినావు గదా."

చేన్లోకి పోయాను. ఆయన్ని పూడ్చిన చోటికి అవి దగ్గరే. ఒక్కో నోరు జానెడు వెడల్పు, అంతే. గట్టు మీది రాళ్లు ఏరి తెచ్చి వేశాను. అవి పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు, కొన్ని అసలు వినిపించలేదు. అట్లా నిండేవి కావని తెలిసి, పాత గోడ దగ్గర పడున్న రెండు బండల్ని ఒక్కొక్కటిగా దొర్లించుకుంటూ తెచ్చి మూశాను. మొదటిది సరిగ్గా కూర్చుంది. రెండోది ఒక పక్క ఎత్తుగా ఉండి, తొక్కితే కదిలింది. తీసి, కింద మట్టి సర్ది, మళ్లీ పెట్టాను. మళ్లీ కదిలింది. ఎండ ఎక్కింది. మళ్లీ తీశాను.